ఆఫీసులో అంతర్గత కమిటీ ఫైల్లోనే ఉంది, నడిపించేదెలా?

ప్రశ్న – సీనియర్ అసిస్టెంట్, జిల్లా కార్యాలయం

నమస్తే అండీ. మాది ప్రభుత్వ కార్యాలయం. లైంగిక వేధింపుల అంతర్గత కమిటీకి నన్ను అధ్యక్షురాలిగా వేస్తూ ఈమధ్యే ప్రొసీడింగ్స్ ఇచ్చారు. పాత ఫైలు తీసి చూస్తే ఒక్క మీటింగు మినిట్స్ కూడా లేవు. సభ్యుల్లో ఒకరు రిటైరయ్యారు, ఇంకొకరు బదిలీపై వెళ్లిపోయారు. బయటి సభ్యురాలి గడిలో "ఎన్‌జీఓ ప్రతినిధి" అని రాసి వదిలేశారు, పేరే లేదు. ఏటా పైకి మాత్రం "ఫిర్యాదులు: నిల్" అని రిపోర్టు వెళ్తోంది.

మొన్న భోజనాల వేళ డేటా ఎంట్రీ అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. బాక్సు మూత తీసింది గానీ ముద్ద నోట పెట్టలేదు. "మేడమ్, నా జీతం ఏజెన్సీ వాళ్లిస్తారు కదా, ఈ కమిటీకి నేను చెప్పుకోవచ్చా?" అంది. వాళ్ల సెక్షన్ సూపరింటెండెంటు రాత్రిళ్లు మెసేజులు పెడుతున్నాడట. పేర్లు చెప్పకుండా ఆఫీసరుగారి దగ్గర కదిపితే "పిలిచి కూర్చోబెట్టి సర్దేయండమ్మా" అన్నారు. నాకు సర్దాలని లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు – రిటైర్డ్ ఏఓ (పరిపాలనాధికారి)

అమ్మా, ముందు ఆ పిల్లకు "చెప్పుకోవచ్చు" అని చెప్పు. పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లూ, రోజుకూలీ మీద చేసేవాళ్లూ ఉద్యోగులే. ఆ మాటకొస్తే అర్జీ పట్టుకుని ఆఫీసుకొచ్చిన మహిళ కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. చివరి సంఘటన జరిగిన 3 నెలల్లోపు రాసివ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు. రాయడం రాదంటే రాయించాల్సింది మీరే. రాజీ సంగతంటావా, ఆమె అడిగితేనే, అదీ డబ్బు మీద కాదు. ఆఫీసరు చెప్పాడని చేసేది కాదు.

ఇంకో చిక్కుంది. నువ్వు సీనియర్ అసిస్టెంటువి, అతను సూపరింటెండెంటు. రేపు నీ సెలవు చీటీ అతని బల్ల మీదికే వెళ్లొచ్చు. చట్టం సీనియర్ స్థాయి మహిళే అధ్యక్షురాలిగా ఉండాలంది. మీ దగ్గర లేకపోతే వేరే ఆఫీసు నుంచి వేసుకోమంది. ఆ సంగతి రాసి ఇవాళే నోట్ ఫైల్ పెట్టు, నువ్వు సభ్యురాలిగా ఉండు. సగం మంది మహిళలుండాలి, బయటి సభ్యురాలి పేరు ఉండి తీరాలి. ఇవి లేకుండా విచారణకు కూర్చుంటే కమిటీయే చెల్లదని అవతలివాడు పట్టుకుంటాడు. నా సర్వీసులో నా కళ్లముందు అలా ఒక కేసు కొట్టుకుపోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

జవాబు – న్యాయవాది, ఒక కమిటీలో బయటి సభ్యురాలు

ఏఓగారు చెప్పిందంతా సరే. ఫైలు కదలకపోతే, కమిటీ వేయని యాజమాన్యానికి 50,000 రూపాయల వరకు జరిమానా ఉందని నోట్‌లోనే రాయండి. కమిటీలు నిజంగా ఉన్నాయో లేవో చూడమని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో మళ్లీ ఆదేశించింది, దాన్నీ జతచేయండి. ఫిర్యాదు ఆఫీసు అధిపతి మీదే అయితే జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి.

విచారణకు 90 రోజుల గడువుంది. ఈలోగా ఆమె రాతపూర్వకంగా కోరితే ఇద్దరిలో ఒకరిని వేరేచోటికి మార్చమని కమిటీ సిఫారసు చేయవచ్చు. సెక్షన్ మార్చాల్సి వస్తే మారాల్సింది అతనే, ఆమె కాదు. ఈ ఒక్కచోట గట్టిగా నిలబడండి మేడమ్.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు అండీ. నోట్ ఫైల్ పెట్టేశాను. కమిటీ ఖరారు కాగానే సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు టపా సెక్షన్ బయట, ఆడవాళ్ల టాయిలెట్ తలుపు మీద అంటిస్తాను. ఆ అమ్మాయి ఫిర్యాదు రాయడానికి సిద్ధంగా ఉంది.

జవాబు – న్యాయవాది

ఫిర్యాదు 6 కాపీలు తీయించండి. మెసేజులు ఫోన్‌లోంచి చెరిపేయొద్దని ఈరోజే చెప్పండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు.