అప్‌డేట్: నెల్లూరులో రెండు రోజులు, చివరికి ఎలా తిరిగామంటే

ఉదయగిరి కోట, చీరలకు పేరున్న వెంకటగిరి, మైపాడు బీచ్ మూడూ రెండు రోజుల్లో చూసేయొచ్చా, కారు అద్దెకి తీసుకోవాలా అని పోయిన నెల ఇక్కడ అడిగింది నేనే. కుదరదు. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "తలా ఒక దిక్కున ఉన్నాయి, ఒకటి వదిలెయ్యండి" అన్న మాటే పనికొచ్చింది. వెంకటగిరి వదిలేశాం. (2022 నుంచి అది తిరుపతి జిల్లా అట, ఆ సంగతీ ఇక్కడే తెలిసింది.)

మొదటి రోజు తెల్లారకముందే బస్సెక్కి, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి. 1514లో కృష్ణదేవరాయలు ఒడిశా గజపతి రాజుల దగ్గర గెలుచుకున్న కోట ఇదే. ఎండ ముదరకముందే కొండెక్కండి. తలా లీటరు నీళ్లు మాకు సగం దారికే అయిపోయాయి. దిగాక చెక్క స్పూన్లు చేసేచోట గంటసేపు కూర్చుండిపోయాం. ఒకావిడ మాతో మాట్లాడుతూనే, చేతివంక చూడకుండా, ఫోర్కు పళ్లని ఒక్కొక్కటిగా ఆకురాయితో రుద్దుతోంది. నాకైతే కోట కన్నా అదే గుర్తుండిపోయింది. ఆరు గరిటెలు కొన్నాం.

రెండో రోజు పొద్దున పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి, మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం మైపాడు బీచ్.

కారు అద్దె గురించి అంత టెన్షన్ పడ్డానా, దాని అవసరమే రాలేదు. మైపాడు నుంచి తిరుగు బస్సు టైము మాత్రం ముందే కనుక్కోండి. మేం కనుక్కోక ఆటోకి బాగానే సమర్పించుకున్నాం.