చికాగో సింఫనీలో సీటు వదిలి పాఠాలు చెప్పడానికి వెళ్లడం ఏంటి? (చెల్లిస్ట్ యానోష్ స్టార్కర్)

ప్లేనో_అమ్మ:
మావాడు ఇప్పుడు టెన్త్ గ్రేడ్. ఆరో గ్రేడ్‌లో స్కూల్ ఆర్కెస్ట్రాలో ఏదో ఒక వాయిద్యం తీసుకోవాలంటే చెల్లో (వయొలిన్ లాంటిదే, కానీ పెద్దది, కూర్చుని వాయిస్తారు) తీసుకున్నాడు, ఇప్పుడు కాలేజీలో కూడా అదే చదువుతానంటున్నాడు. వాళ్ల టీచర్ యానోష్ స్టార్కర్ వాయించిన కొడాయి సోలో సొనాటా (హంగేరీ స్వరకర్త కొడాయి ఒక్క చెల్లో కోసమే రాసిన రచన) వినమన్నారట, ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి వరకు అదే మోత. వాయించేది ఒక్క మనిషే అంటే మా ఆయన ఇంకా నమ్మట్లేదు. ఎవరీయన అని చదివాను. 1953 నుంచి చికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో ప్రిన్సిపల్ చెల్లిస్ట్ (చెల్లో వాయించేవాళ్లందరికీ ముందుండేవాడు), అదీ ఫ్రిట్జ్ రైనర్ కండక్టర్‌గా ఉన్నప్పుడు. 1958లో అది వదిలేసి బ్లూమింగ్టన్‌లో ఇండియానా యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేరిపోయాడు. నిండా ముప్ఫై నాలుగేళ్లు. ఇది కెరీర్‌లో వెనకడుగు కాదా? అంతటివాడికే అలా అయితే మావాడి సంగతేంటని టెన్షన్‌గా ఉంది.

కమాను_కబుర్లు:
వెనకడుగు ఎందుకవుతుందండీ. ఆర్కెస్ట్రాలో ప్రిన్సిపల్ అంటే పెద్ద పేరే, కానీ ఏం వాయించాలో, ఎంత వేగంగా వాయించాలో కండక్టర్ చెప్తాడు. వారం వారం కొత్త ప్రోగ్రామ్, రిహార్సల్స్, సొంత కచేరీ ఒప్పుకోవాలంటే సెలవు అడగాలి. యూనివర్సిటీలో పాఠాలు చెప్తూ మిగిలిన టైమ్‌లో దేశాలు తిరిగి సోలోలు వాయించుకోవచ్చు, ఆయన చేసింది అదే. నూటయాభైకి పైగా రచనలు రికార్డ్ చేశాడు. బాఖ్ ఒంటరి చెల్లోకి రాసిన సూట్లు ఆరూ ఐదుసార్లు రికార్డ్ చేశాడు, చివరిదానికి 1998లో గ్రామీ వచ్చింది, అప్పటికి ఆయనకు డెబ్భై దాటాయి. టీచింగ్ కూడా బ్లూమింగ్టన్‌లో మొదలుపెట్టింది కాదు. బుడాపెస్ట్‌లో పన్నెండేళ్ల వయసుకే ఐదుగురు శిష్యులు ఉండేవారు.

అన్నట్టు మీవాడు వినే ఆ సొనాటాలో కింది రెండు తీగల్నీ మామూలు శృతి కంటే అర స్వరం దించి వాయించాలి. అంత గంభీరంగా వినిపించడానికి అదొక కారణం. 1948లో ఆయన చేసిన రికార్డింగ్‌కి ఫ్రాన్స్‌లో పెద్ద అవార్డు వచ్చింది.

పాతరికార్డులు:
పైన చెప్పింది నిజమే కానీ స్టార్కర్‌ని చూసి లెక్కలు వేసుకోవద్దండీ. యూదు కుటుంబం, ఇద్దరు అన్నలూ వయొలిన్ వాయించేవాళ్లు, యుద్ధంలో నాజీల చేతిలో పోయారు. ఈయన బతికి బయటపడి, బుడాపెస్ట్ ఒపెరాలో ప్రిన్సిపల్‌గా వాయించి, 1946లో దేశం వదిలేశాడు. 1948లో అమెరికాలో మొదటి ఉద్యోగం ఎక్కడో తెలుసా, మీ ప్లేనో పక్కనే, డాలస్ సింఫనీలో! అక్కడి కండక్టర్ అంటాల్ డొరాటి కూడా హంగేరీ వాడే. తర్వాత న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా, అక్కడ రైనర్ పరిచయం, రైనర్ చికాగో వెళ్తే వెంట ఈయనా వెళ్లాడు. ఇండియానాలోనేమో విల్‌ఫ్రెడ్ బెయిన్ అనే డీన్ పెద్ద పెద్దవాళ్లను ఏరి తెచ్చుకుంటున్న రోజులవి, పియానోకి మెనాహెమ్ ప్రెస్లర్, కొన్నాళ్లకు వయొలిన్‌కి జోసెఫ్ గింగోల్డ్. అలాంటి చోటుకి పిలుపొస్తే ఎవరు వద్దంటారు? ఇప్పుడు ఒక చెల్లో ప్రొఫెసర్ పోస్టు పడితే దానికి డాక్టరేట్లు ఉన్నవాళ్లు, పోటీలు గెలిచినవాళ్లు అందరూ అప్లై చేస్తారు.

విజయనగరం_వయొలిన్:
మన వైపు ఈ ప్రశ్నే రాదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు కచేరీలు చేస్తూనే విజయనగరం సంగీత కళాశాలలో ప్రొఫెసర్, 1936 నుంచి ప్రిన్సిపాల్. దాన్ని వెనకడుగని ఎవరన్నారు?

కమాను_కబుర్లు:
బాగా గుర్తు చేశారు. స్టార్కర్ పాఠం గురించి ఒక మాట. బాల మేధావి అనిపించుకున్నవాళ్లు ఎలా వాయిస్తున్నారో తెలియకుండానే వాయించేస్తారు, పెద్దయ్యాక ఏదైనా తేడా వస్తే సరిచేసుకోవడం రాదు. ఈయనకు యుద్ధం తర్వాత అదే పరిస్థితి వచ్చింది. కూర్చుని ఏ కండరం ఎప్పుడు కదులుతోంది, కమాను (తీగల మీద రాసే బద్ద) బరువు వేళ్లలోంచి వస్తోందా వీపులోంచి వస్తోందా అని విడదీసి చూసుకున్నాడు, తర్వాత దాన్నే పాఠంగా చెప్పాడు. వీడియోల్లో చూడండి, తల ఊపడం, కళ్లు మూసుకోవడం ఏమీ ఉండవు. క్లాసులో ముక్కుసూటి మనిషి, పొగిడేది తక్కువ. మొండితనం ఎంతంటే ఒకసారి సౌత్ కరోలినాలో హాల్లో సిగరెట్ తాగొద్దన్నారని కచేరీ చెయ్యకుండా వెళ్లిపోయాడు (ఇది మీవాడికి చెప్పకండి). శిష్యుల్లో త్సుత్సుమి జపాన్‌లో తోహో గాకుయెన్ సంగీత కళాశాలకు ప్రెసిడెంట్ అయ్యాడు.

ప్లేనో_అమ్మ:
చాలా థాంక్సండీ. అయితే పర్ఫార్మెన్స్ డిగ్రీ (వాయించడమే ప్రధానంగా చదివేది) వద్దా? మా ఆయన కంప్యూటర్ సైన్స్‌తో కలిపి డబుల్ మేజర్ (రెండు ప్రధాన సబ్జెక్టులు) అంటున్నారు.

స్కూల్_ఆర్కెస్ట్రా:
నేను స్కూల్లో స్ట్రింగ్స్ (వయొలిన్, చెల్లో లాంటి తీగ వాయిద్యాలు) చెప్తాను కాబట్టి చెప్తున్నా. పర్ఫార్మెన్స్ డిగ్రీ ఒక్కటే ఉంటే పబ్లిక్ స్కూల్లో ఆర్కెస్ట్రా టీచర్ ఉద్యోగానికి సరిపోదు, టీచర్ సర్టిఫికేషన్ కావాలి, అందుకే మ్యూజిక్ ఎడ్యుకేషన్ కోర్సు విడిగా ఉంటుంది. ఆర్కెస్ట్రా ఆడిషన్‌లో చాలాచోట్ల తొలి రౌండ్లు తెర వెనకే, ఎవరు వాయిస్తున్నారో జడ్జిలకు తెలియదు, అక్కడ డిగ్రీ పేరుకి విలువ లేదు. నా చుట్టూ ఉన్న చెల్లిస్టులు చాలామంది రెండు మూడు పనులు కలిపి చేసుకుంటారు, చిన్న ఆర్కెస్ట్రా, పెళ్లిళ్లలో క్వార్టెట్ (నలుగురు కలిసి వాయించడం), సాయంత్రాలు ప్రైవేట్ పాఠాలు. డబుల్ మేజర్ కుదురుతుంది కానీ రోజుకి నాలుగు గంటల సాధన, దానిపైన కోడింగ్ అసైన్‌మెంట్లు, ఐదేళ్లు పట్టొచ్చు. వాడిని అడగాల్సింది వేరే ఉంది. ఈ వేసవిలో ఆరో గ్రేడ్ పిల్లలు ఇద్దరికి కమాను పట్టుకోవడం నేర్పమనండి. తప్పు పట్టుకున్న పిల్లాణ్ణి పదోసారి సరిచేసేటప్పుడు విసుగొస్తుందో, ఇలా కాదు ఇంకోలా చెప్పి చూద్దాం అనిపిస్తుందో వాడికే తెలుస్తుంది. పర్ఫార్మెన్సా ఎడ్యుకేషనా అన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు, అప్లికేషన్లకు ఇంకా ఏడాది పైనే టైముంది.