అప్‌డేట్: రెండో హోటల్ తెరిస్తే సిబ్బందికి ఆరోగ్య బీమా తప్పదా?

టెక్సస్‌లో మా భోజన హోటల్‌కు తోడు ఇంకొకటి తెరిస్తే, అమెరికా 2010 ఆరోగ్య చట్టం ప్రకారం సిబ్బందికి బీమా ఇవ్వాలా అని అడిగాను. "వేరే కంపెనీ పేరున పెట్టండి, సరిపోతుంది" అన్నారు చాలామంది. సరిపోదు. యజమాని ఒక్కరే అయితే రెండు కంపెనీల సిబ్బందినీ కలిపే లెక్కిస్తారు.

వారానికి సగటున 30 గంటలు పనిచేస్తే పూర్తికాలపు ఉద్యోగి. మిగతావారి నెల గంటలన్నీ కూడి 120తో భాగించాలి. గిన్నెలు కడిగేవారు, శని, ఆదివారాల్లోనే వడ్డించేవారు అందరూ ఇందులోకి వస్తారు. దీన్ని పూర్తికాలపు వారి సంఖ్యకు కలిపితే వచ్చే సగటు 50కి చేరితే పూర్తికాలపు వారికి బీమా ఇవ్వాలి, లేదా జరిమానాకు సిద్ధపడాలి. మాకు 38 వస్తోంది. అంటే నిర్బంధం లేదు. 25 లోపు సిబ్బంది ఉన్న సంస్థలకిచ్చే పన్ను రాయితీ కూడా లేదు. రెంటికీ చెడ్డ రేవడి!

పెద్ద గొలుసు హోటళ్లు ఎప్పుడో 50 దాటేశాయి, ఇంకో శాఖ తెరిచినా వాటికి కొత్త నిబంధన రాదు. ఆలివ్ గార్డెన్ హోటళ్లు నడిపే డార్డెన్ సంస్థ 2012లో కొన్నిచోట్ల సిబ్బంది పని గంటలను వారానికి 30 లోపుకు కుదించి చూసి, విమర్శలు రాగానే వెనక్కి తగ్గింది. మాలాంటి వాళ్లకు మాత్రం 50వ మనిషే అసలు ఖర్చు.

సిబ్బంది సొంతంగా కొనుక్కున్న బీమాకు ప్రీమియంలో కొంత, పన్ను పడకుండా మేము తిరిగి చెల్లించే పద్ధతి ఎంచుకున్నాం. 50 లోపు సంస్థలకు చట్టం అనుమతిస్తుంది. దోసెల మాస్టరు మాత్రం, "అదంతా ఎందుకండీ, గంటకు ఒక డాలరు పెంచండి" అంటున్నారు. ఆ బేరం ఇంకా తెగలేదు.