చేప వెన్నుపాము తెగినా మళ్లీ ఈదుతుంది, మనకెందుకు కుదరదు?

గాలిపటం:
జీబ్రాఫిష్ వెన్నుపామును అడ్డంగా పూర్తిగా కోసేసినా 6 నుంచి 8 వారాల్లో మళ్లీ ఈదేస్తుందట. తెగిన పాత ఆక్సాన్లే (న్యూరాన్లు అనే నాడీకణాల నుంచి సాగే పొడవాటి తీగలు) పెరిగి అవతలికి చేరతాయా, లేక కొత్త న్యూరాన్లు పుడతాయా? ఇదంతా ఏదో ఒక జీన్ మహిమ అయితే, ఆ జీన్ మనకి లేదా? కాస్త మామూలు భాషలో చెప్పండి.

మిణుగురు:
రెండూ జరుగుతాయి. వెన్నుపాము మధ్యలో సన్నటి కాలువ ఒకటి ఉంటుంది, దాని గోడలోని గ్లియా కణాలు (న్యూరాన్లకి తోడుగా ఉండే కణాలు) దెబ్బ తగిలాక విభజన మొదలుపెడతాయి. కొన్నిటి నుంచి కొత్త న్యూరాన్లు వస్తాయి, ఇంకొన్ని తెగిన రెండు కొసల మధ్య సాగి వంతెన కడతాయి. మెదడు నుంచి వచ్చే ఆక్సాన్లు కూడా గాయం దాటి పెరుగుతాయి.

జీన్ సంగతికొస్తే, 2016లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు సీటీజీఎఫ్‌ఏ అనే జీన్ లేకపోతే చేపలో ఈ వంతెన సరిగా కుదరదని చూపించారు. అసలు తమాషా ఏంటంటే, ఆ జీన్ తయారుచేసే ప్రోటీన్‌కి సమానమైన మనిషి ప్రోటీన్‌ని గాయం దగ్గర పెడితే చేప ఇంకా త్వరగా కోలుకుంది! అంటే సరుకు మన దగ్గరా ఉంది, సరైన చోట సరైన టైమ్‌లో పని మొదలవడమే లేదు.

రాతిగుండు:
సింపుల్. మనలో ఆస్ట్రోసైట్లు అనే ఒక రకం గ్లియా కణాలు గాయం చుట్టూ మచ్చ కట్టేస్తాయి, దాన్ని తీసేస్తే ఆక్సాన్లు వాటంతట అవే పెరుగుతాయి.

తోకచుక్క:
అంత సింపుల్ అయితే ఈపాటికి అయిపోయేది. మచ్చలో ఎదుగుదలని ఆపే పదార్థాలున్న మాట నిజమే, మన ఆక్సాన్ల చుట్టూ తొడుగులా ఉండే మైలిన్‌లోనూ నోగో లాంటి ఆపే ప్రోటీన్లు ఉన్నాయి. కానీ 2016లోనే ఎలుకల్లో మచ్చ కట్టకుండా ఆపి చూస్తే ఆక్సాన్లు పెరగలేదు. పైగా గ్రోత్ ఫ్యాక్టర్లు (ఎదుగుదలని పెంచే ప్రోటీన్లు) ఇచ్చి ప్రోత్సహించినప్పుడు మచ్చలోంచే పెరిగాయి. అలాగని మన న్యూరాన్లకి అసలు శక్తే లేదనీ కాదు. 1981లో మాంట్రియల్‌లో డేవిడ్, అగ్వాయో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎదిగిన ఎలుకల్లో కాలి నరం ముక్కని దారిగా అమర్చితే, మెదడు కాండం, వెన్నుపాముల నుంచి ఆక్సాన్లు అందులో సెంటీమీటర్ల పొడవున పెరిగాయి, మళ్లీ వెన్నుపాములోకి అడుగుపెట్టగానే కాస్త దూరంలోనే ఆగిపోయాయి. కాబట్టి న్యూరాన్ ఒక్కటే చూస్తే చాలదు, చుట్టూ ఉన్నదీ చూడాలి.

జీన్ ఉందా లేదా అనే వాదనకి నా జవాబు జెనోపస్ కప్ప. తోకకప్పగా ఉన్నప్పుడు వెన్నుపాము తిరిగి పెరుగుతుంది, కప్పగా మారాక పెరగదు. జీవి అదే, డీఎన్‌ఏ అదే.

ఇంకో మాట, కోలుకోవడం అంటే పాత వైరింగ్ అచ్చంగా తిరిగి రావడం అనుకోకండి. లాంప్రే అనే దవడల్లేని చేపలో ఆక్సాన్లు చాలావరకు గాయం దాటి కొద్ది దూరమే వెళ్తాయి, కొన్ని అసలు పెరగనే పెరగవు, అయినా అది ఈదుతుంది. అంటే అన్నీ పెరగకపోయినా పని జరగొచ్చు, నాకు మాత్రం మనుషుల విషయంలో ఎక్కువ ఆశ ఇక్కడే కనిపిస్తుంది.

గాలిపటం:
థాంక్యూ! మరి బల్లి తోక? అందులోనూ వెన్నుపాము వస్తుందిగా?

మిణుగురు:
సగం సగమే. కొత్త తోకలో వెన్నెముకకి బదులు మృదులాస్థి గొట్టం ఉంటుంది, దాని లోపల కాలువ గోడ కణాలు, పైనుంచి దిగిన కొన్ని ఆక్సాన్లు ఉంటాయి. కొత్త కండరాలకి నరాలు తెగని పాత భాగం నుంచే వస్తాయి. న్యూరాన్లతో సహా పూర్తి వెన్నుపాము కావాలంటే బల్లిలా కనిపించే ఉభయచర జీవి ఆక్సలోటల్‌ని చూడాలి, దాని తోక కోస్తే అన్నీ మళ్లీ తయారవుతాయి.