‘ఏడులో పోతుంది’ అంటే ఎక్కడికి పోతుంది?

మా తిరుపతి పిల్లలు ‘నిశ్శేషంగా భాగించబడుతుంది’ అని పరీక్షలో రాస్తారేమో గానీ నోటితో అనరు. ‘ఏడులో పోతుంది’, లేదా ‘పోదు’. అంతే. మొన్న మా అక్క కొడుకు నోట్సులో 12345654321 వేసుకొచ్చి, ‘మామా, ఇది ఏడులో పోతుందా?’ అన్నాడు. పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మ ‘ఎక్కడికి పోతుందిరా?’ అంది. ఆ ప్రశ్నే మీ ముందు పెడితే కొన్ని జవాబులు వచ్చాయి.

ముందు లెక్క చెప్పేస్తా, లేకపోతే మీరు ఊరుకోరు. 1234 కోట్ల 56 లక్షల 54 వేల 321. కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి, ఒకదాన్ని కలుపుతూ తర్వాతదాన్ని తీసేస్తూ పోయాం: 321 − 654 + 345 − 12. సున్నా వచ్చింది! 7, 11, 13 గుణిస్తే 1001, ఈ కిటుకు దానిది. కాబట్టి మూడింట్లోనూ పోయినట్టే. అసలు ఇది 111111కి వర్గం. 111111 అంటే 3 × 7 × 11 × 13 × 37. అందుకే 49లో కూడా పోతుంది. 9వ శతాబ్దంలో గణితవేత్త మహావీరాచార్యుడు 27994681ని 441తో గుణించి ఇదే సంఖ్య రప్పించాడు. ఎటు నుంచి చదివినా ఒకటే అయ్యే ఇలాంటివాటిని ఆయన కంఠహారాలతో పోల్చాడు.

చిత్తూరు నుంచి ఒక అక్క జవాబు: ‘పోవడమంటే అయిపోవడమే కదా తమ్ముడూ. బుట్టలో మామిడికాయలు ఏడేసి కుప్పలు పెడుతూ వస్తే చివరికి బుట్ట ఖాళీ. ఒకటో రెండో అడుగున ఉండిపోతే పోలేదన్నట్టు.’

బాగుందక్కా. ‘పదిలో మూడు పోతే ఏడు’ అంటాం చూడండి, ఆ తీసివేత ‘పోవడమే’ ఇదీ అని నాకూ అనిపిస్తోంది. భాగహారమంటే తీసిందే మళ్ళీ మళ్ళీ తీయడం. కానీ ఒక చిక్కుంది. అక్కడ ‘లో’ పెద్ద సంఖ్యకి తగులుతోంది, ఇక్కడేమో ఏడుకి! ‘ఏడో ఎక్కంలో పోతుంది’లోంచి ‘ఎక్కం’ జారిపోయి ‘ఏడులో’ మిగిలిందని నా ఊహ. ‘ఏడుతో పోతుంది’ అనేవాళ్ళకి ఈ తలనొప్పి లేదు.

ఇక మిగిలేది శేషం. మా ఊళ్ళో ఆ మాట వినకుండా రోజు గడవదు: శేషాచలం, పెదశేష వాహనం, శేషవస్త్రం. ప్రళయంలో అన్నీ పోయాక మిగిలేవాడు కాబట్టి ఆయన శేషుడు అంటారు. లెక్కలోనూ అన్నీ పోయాక మిగిలేదే శేషం.

‘మరి శేషం 0 అని రాయడమేంటి, శేషం లేదు అనాలి కదా?’ అని ఇంకొకరు అడిగారు. మాటగా చూస్తే మీదే సరి. అప్పు తీరాక ‘బాకీ సున్నా’ అనం, ‘బాకీ లేదు’ అంటాం. కానీ ఏడుతో భాగిస్తే 0 నుంచి 6 దాకా ఏడు రకాల శేషాలు, అందులో సున్నా కూడా ఒకటి. దాన్ని లేదని కొట్టేస్తే ఆరే అవుతాయి. అందుకని మావాడు ‘శేషం 0’ అని రాస్తే దిద్దలేదు.

మీ వైపు ‘లో’ పోతుందా, ‘తో’ పోతుందా?