పదో తరగతి మార్కులు జీవితంలో దేనికి పనికొచ్చాయి?

ప్రశ్న: మోటారు వైండింగ్ షాపు నడిపేవారు, తెనాలి

వచ్చే మార్చిలో మా అమ్మాయి పదో తరగతి పబ్లిక్ పరీక్షలు రాయబోతోంది. మొన్న స్కూల్లో పెట్టిన పరీక్షలో లెక్కల్లో 41 మార్కులే వచ్చాయని రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఓదార్చడానికి వేరే దారి తోచక, బీరువాలో అడుగున ఉన్న నా పాత మెమో తీసి చూపించాను. 1992 మార్చి, 600కు 341, ద్వితీయ శ్రేణి, లెక్కల్లో 38.

ఆ రోజుల్లో ఫలితాలు పేపర్లో హాల్ టికెట్ నంబర్లతో అచ్చయ్యేవి. మా నాన్నగారు ముందు ప్రథమ శ్రేణి వరుసలన్నీ వేలు పెట్టి వెతికి, అక్కడ కనబడక, ద్వితీయ శ్రేణిలో నా నంబరు చూసి పేపరు మడిచి పక్కన పెట్టారు. 360కి 19 మార్కులు తక్కువైనందుకు పది రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఇంటర్ మొదటి ఏడాదితోనే చదువు ఆపి మా మేనమామ దగ్గర మోటార్లు చుట్టడం నేర్చుకున్నాను. కాలిపోయిన మోటారు విప్పగానే స్లాట్లు లెక్కబెట్టి, తీగ గేజి చూసి, కాయిల్‌కు ఎన్ని చుట్లు వేయాలో ఇప్పుడు కాగితం లేకుండా చెప్పగలను. ఇన్నేళ్లలో ఆ మెమోను బయటికి తీసింది రెండే సార్లు: ఇంటర్‌లో చేరినప్పుడు, పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువు అడిగినప్పుడు. రెండోసారి ఆ ఉద్యోగి మార్కుల గడుల వైపు చూడనే లేదు.

ఇదంతా చెప్పి, మార్కుల గురించి అంత దిగులు వద్దన్నాను. అప్పుడు అమ్మాయి అడిగింది: “ఇవి దేనికీ పనికిరాకపోతే తాతయ్య నీతో పది రోజులు ఎందుకు మాట్లాడలేదు నాన్నా?” నా దగ్గర జవాబు లేదు. నా ఒక్కడి అనుభవం పట్టుకుని బిడ్డకు తప్పు చెబుతున్నానేమోననే భయం కూడా పట్టుకుంది. అందుకే అడుగుతున్నాను. మీ పదో తరగతి చదువు, ఆ కాగితం, అందులోని అంకెలు మీకు నిజంగా ఎక్కడ పనికొచ్చాయి, లేక ఎక్కడ అడ్డం పడ్డాయి? జరిగింది జరిగినట్టు చెప్పండి.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, కృష్ణా జిల్లా

బాబూ, మీ ప్రశ్న చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ బడుల్లో పనిచేశాను. మార్కుల సంగతి తక్కినవారు చెబుతారు. ఆ సర్టిఫికెట్టులో మనిషిని చివరిదాకా వదలని గడి ఒకటుంది. అది పుట్టిన తేదీ గడి.

నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో దివిసీమలో పనిచేశాను. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన ప్రాంతం అది. ఆ తర్వాత బడిలో చేర్చడానికి పిల్లల్ని తీసుకొచ్చిన తల్లిదండ్రులను పుట్టిన తేదీ అడిగితే, “ఉప్పెనకు చంకలో బిడ్డండీ”, “ఉప్పెన పోయాక వచ్చిన సంక్రాంతికి పుట్టిందండీ” అని చెప్పేవారు. కాగితాలు ఉన్నవారి కాగితాలు కూడా నీళ్లలో పోయాయి. ఒకటో తరగతికి ఐదేళ్లు నిండి ఉండాలి గనుక మేము బిడ్డ ఎత్తూ మాటా చూసి, జూన్ ఒకటో జూలై ఒకటో వేసి అడ్మిషన్ రిజిస్టరులో రాసేవాళ్లం. ఒకే తరగతిలో సగం మంది పిల్లలు ఒకే రోజున పుట్టినట్టు రిజిస్టర్లు ఉండేవి. ఆ తేదీయే పదేళ్ల తర్వాత నామినల్ రోల్‌లోకి, అంటే పబ్లిక్ పరీక్షకు పంపే పిల్లల జాబితాలోకి ఎక్కేది, అక్కడి నుంచి ఎస్సెస్సీ సర్టిఫికెట్టులోకి, ఆపైన ఉద్యోగం వస్తే సర్వీసు రిజిస్టరులోకి వెళ్లేది. సర్వీసు రిజిస్టరులో ఒకసారి ఎక్కిన తేదీని ఉద్యోగి ఇష్టప్రకారం తర్వాత మార్చుకోవడానికి వీల్లేకుండా రాష్ట్ర ప్రభుత్వం 1984లో నిబంధనలు కూడా తెచ్చింది. 1983లో పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు, బడిలో ఎవరో అంచనాగా వేసిన తేదీ వల్ల అప్పటికప్పుడు ఇంటికి వెళ్లినవారిని నేను చూశాను.

నా చేతి మీదుగా జరిగిన తప్పు ఒకటి ఉంది. ఉప్పెనకు చంకలో బిడ్డ అని ఒక తల్లి చెప్పిన పిల్లవాడికి నేను 1976 జూలై 1 అని రాశాను. వాడు ఏపుగా ఉన్నాడు, ఆరేళ్లుంటాయనుకున్నాను. ఆ అబ్బాయికి చిన్నప్పటి నుంచీ సైన్యంలో చేరాలని కోరిక. పరుగులో జిల్లాలో పేరు తెచ్చుకున్నాడు. తీరా వెళ్లిన రోజున, సర్టిఫికెట్టు ప్రకారం వయఃపరిమితి కొన్ని నెలలు దాటిందని వెనక్కి పంపారు. తర్వాత వాళ్ల అమ్మమ్మగారి ఊళ్లో పురోహితుడి దగ్గర జాతకం దొరికింది. వాడు నిజానికి 1977 ఉగాది దాటిన వారానికి పుట్టాడు. ఆ జాతకం పట్టుకుని నా దగ్గరకు వస్తే, అప్పటికి చేయగలిగింది ఏమీ లేదని చెప్పాల్సి వచ్చింది. ఆ కుర్రవాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి బడిలోనూ నామినల్ రోల్స్ పంపే ముందు తల్లిదండ్రులను పిలిపించి, పేరు, ఇంటిపేరు, తేదీ, పుట్టుమచ్చలు వాళ్ల ఎదుట చదివి వినిపించకుండా సంతకం పెట్టలేదు.

మీ అమ్మాయి లెక్కల మార్కుల కంటే ముందు, మీరు రేపే బడికి వెళ్లి ఆ రోల్‌లో ఆమె వివరాలు చూడండి. ఇంటిపేరు పూర్తిగా రాశారా, పొడి అక్షరమే వేశారా, ఆధార్‌లో ఉన్న అక్షరాలే అక్కడా ఉన్నాయా అన్నది ఒక్కొక్క అక్షరం పట్టి చూడండి.

జవాబు: దుబాయి నుంచి తిరిగొచ్చినవారు, జగిత్యాల జిల్లా

అన్నా, మార్కులు పనికొస్తయా అని నువ్వు అడిగినవు. నేను పాసే కాలేదు కాబట్టి పాసు విలువ చెప్పగలను. ఇక్కడ అందరూ చదివేటట్టు రాస్తాను.

2005లో పదో తరగతి ఇంగ్లీషులో తప్పాను. సప్లిమెంటరీలో మళ్లీ తప్పాక వదిలేశాను. మా వైపు ప్రతి వాడకట్టులో నలుగురైనా గల్ఫ్‌కు పోయినవాళ్లు ఉంటారు గనుక, ఆ చదువు లేకున్నా బతుకు నడుస్తుందని అనుకున్నాను. పాస్‌పోర్టు చేతికొచ్చాక తేడా తెలిసింది. పది పాసైనవాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ తనిఖీ, అంటే పనికి దేశం దాటే ముందు చేసే తనిఖీ, అవసరం లేదు. పాస్ కానివాళ్లు గల్ఫ్ వంటి దేశాలకు పనికి పోవాలంటే, 1983 నాటి చట్టం ప్రకారం హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (వలస పోయేవాళ్ల రక్షణ చూసే అధికారి) కార్యాలయం నుంచి అనుమతి తెచ్చుకోవాలి. ఆ అనుమతి మా మేలు కోసమే పెట్టారని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఒప్పంద పత్రం, జీతం, బీమా చూసిన తర్వాతే పంపుతారు. ఆ రోజు మాత్రం అది అడ్డుగోడలాగే కనిపించింది. ఏజెంటు కూడా అదే చెప్పి, విజిట్ వీసా మీద దాటిస్తానన్నాడు. అప్పు చేసి డబ్బు కట్టాను.

2011లో దుబాయి పోయాను. వీసా గడువు అయిపోయిన తర్వాత చేతిలో ఒప్పందం లేదు, ఫిర్యాదు చేయడానికి మొహం లేదు. సిమెంటు పనిలో నాలుగు నెలల జీతం ఎగ్గొట్టినా అడగలేకపోయాను, ఎందుకంటే అడిగితే మొదట పట్టుకునేది నన్నే. మా ఊరి దోస్తు ఒకడు పదిలో అన్నింట్లో అంచు మార్కులతో గట్టెక్కినవాడు. వాడు అదే ఏడు సరైన వర్క్ వీసా మీద వచ్చి, అదే ఎండలో అదే పని చేసి, నెల తప్పకుండా ఇంటికి డబ్బు పంపాడు. 2012 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష అమలు చేసినప్పుడు నేను ఖాళీ చేతులతో ఇంటికి చేరాను. మా నాయన గేటు దగ్గర నన్ను చూసి ఏమీ అడగలేదు. నా బ్యాగు తీసుకుని ముందు నడిచాడు.

నువ్వు 341 చూసి బాధపడ్డవు. నాకు ఇంగ్లీషులో 35 వస్తే నా రెండేండ్లు నాకు మిగిలేవి. మా తమ్ముడు నేను వెళ్లకముందే తొమ్మిదిలో బడి మానేస్తానన్నప్పుడు మాట్లాడకుండా ఊరుకున్నాను, ఆ పాపం కూడా నాదే. తిరిగొచ్చాక వాడిని మళ్లీ కూర్చోబెట్టి పది పాస్ చేయించాను.

జవాబు: అంగన్‌వాడీ టీచరు, ప్రకాశం జిల్లా

అన్నగారూ, పై ఇద్దరూ రాసినది చదివాక నా సంగతీ చెప్పాలనిపించింది. తొమ్మిదో తరగతి అయిపోగానే నాకు పెళ్లి చేశారు. మా ఊరి అంగన్‌వాడీలో ఆయాగా చేరాను, దానికి అప్పట్లో ఏడో తరగతి చాలు. పిల్లలకు పాటలు నేర్పడం, బరువు తూచడం, తల్లులతో మాట్లాడడం నేనే చేసేదాన్ని. కార్యకర్త (టీచరు) పోస్టు ఖాళీ అయినప్పుడు మాత్రం, పదో తరగతి లేదు గనుక నా దరఖాస్తు తీసుకోలేదు. అప్పటికి నాకు ముప్పై నిండాయి. ఆ పోస్టుకు అప్పట్లో వయసు 35 దాటకూడదు.

మా బంధువొకాయన ఓపెన్ స్కూల్ గురించి చెప్పాడు. మన రాష్ట్రంలో అది 1991 నుంచి ఉందట, నాకు తెలియనే తెలియదు. పగలు సెంటరు, రాత్రి వంట అయ్యాక పుస్తకం, ఆదివారం తరగతులు. మా పెద్దమ్మాయి అప్పుడు ఆరో తరగతి. బీజగణితం మేమిద్దరం ఒకే దీపం కింద నేర్చుకున్నాం. పరీక్ష హాల్లో నా పక్క బల్ల మీద మా పాత విద్యార్థి కూర్చుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను, కానీ రాశాను. మొదటిసారి లెక్కలు పోయాయి, రెండోసారి వచ్చాయి. తర్వాత పోస్టు పడినప్పుడు 34 ఏళ్ల వయసులో కార్యకర్తనయ్యాను. నేను చేసే పని నిన్నటి వరకు చేసినదే, నాకు తెలిసినదీ అంతే. గౌరవవేతనం మారింది, నన్ను పిలిచే తీరు మారింది.

మీరు అడిగిన మార్కుల విషయంలో మాత్రం మీ అమ్మాయికి ఒక మాట తప్పక చెప్పండి. మా రెండో అమ్మాయి పల్లె బడిలో చదివి 2018లో పదో తరగతిలో పదికి 9.8 జీపీఏ (సగటు గ్రేడు) తెచ్చుకుంది. తర్వాత గ్రామీణ డాక్ సేవక్ పోస్టులకు దరఖాస్తు పెట్టింది. వాటికి పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, పదో తరగతి మార్కులే మెరిట్. జీపీఏను 9.5తో గుణించి మార్కులుగా తీసుకుంటారు. పదిలో ఆమె తెచ్చుకున్న ఆ అంకె మీదే ఈ రోజు బ్రాంచ్ పోస్ట్ మాస్టరుగా పనిచేస్తోంది. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీలు 2008లో పెట్టినప్పటి నుంచీ, కరోనా కాలంలో తప్ప, పదో తరగతి ప్రతిభ మీదే సీట్లు ఇచ్చారు, ప్రభుత్వ బడి పిల్లల జీపీఏకు 0.4 కలిపేవారు కూడా. డబ్బున్న ఇంటి పిల్లకు మార్కులు తగ్గితే ఫీజు కట్టి ఇంకో దారి చూస్తారు. మా పిల్లలకు ఆ అంకె ఒక్కటే దారి. అందుకే ‘మార్కులు ముఖ్యం కాదు’ అని ఎవరైనా అన్నప్పుడు నాకు మనసు కష్టమవుతుంది.

జవాబు: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు

క్లుప్తంగా రాస్తాను. ఇంజనీరింగ్‌లో నాకు 78 శాతం, పదో తరగతిలో 58.6. మా కాలేజీకి నియామకాలకు వచ్చిన కంపెనీ పది, ఇంటర్, డిగ్రీ మూడింటిలోనూ 60 ఉండాలన్నది. నా క్లాసంతా రాత పరీక్ష రాస్తుంటే నేను కాంటీన్‌లో కూర్చున్నాను. పదో తరగతి పరీక్షలప్పుడు మా అమ్మ ఆసుపత్రిలో ఉంది, ఆ సంగతి రాయడానికి దరఖాస్తులో గడి లేదు. చిన్న సంస్థలో చేరి రెండేళ్లు పనిచేశాక ఆ అంకెను మళ్లీ ఎవరూ అడగలేదు. కాబట్టి నా విషయంలో మార్కులు మొదటి తలుపు దగ్గర మాత్రమే లెక్కకు వచ్చాయి, కానీ ఆ తలుపు దాటడానికి నాకు అందరికంటే రెండేళ్లు ఎక్కువ పట్టింది.

ప్రశ్న అడిగినవారు, మళ్లీ:

మాస్టారు గారూ, తమ్ముళ్లూ, చెల్లెమ్మా, మీ అందరికీ నమస్కారం. మీ జవాబులు మా అమ్మాయికి చదివి వినిపించాను. అంగన్‌వాడీ చెల్లెమ్మ రాసినది మాత్రం తనే ఫోను తీసుకుని రెండోసారి చదువుకుంది.

నా అనుభవం తప్పు కాదు గానీ, దాన్ని అందరికీ అంటగట్టడం తప్పని ఇప్పుడు తెలుస్తోంది. మేనమామ షాపు సిద్ధంగా ఉంది కాబట్టి నాకు మార్కులు అక్కర్లేకపోయింది. మా నాన్నగారికి అలాంటి మేనమామ లేడు. ఆయన పదో తరగతి తప్పి, జీవితమంతా మిల్లులో రోజుకూలీగా పనిచేశారు. పేపర్లో నా నంబరు వెతుకుతూ ఆయన ఏం చూస్తున్నారో నాకు ఆ వయసులో అర్థం కాలేదు. అమ్మాయి అడిగిన దానికి నేను ఇదే చెప్పాను. తను కాసేపు ఊరుకుని, లెక్కల ట్యూషన్‌కు వెళ్తానని అడిగింది.

మాస్టారు గారూ, మీరు చెప్పినట్టు నిన్న బడికి వెళ్లాను. నామినల్ రోల్‌లో తేదీ సరిగ్గానే ఉంది. ఇంటిపేరులో మాత్రం ఇంగ్లీషు అక్షరం ఒకటి తక్కువ పడింది, ఆధార్ నకలు ఇచ్చి సరిచేయించాను. ఇంకొక సంగతి. నా షాపులో పని నేర్చుకుంటున్న కుర్రవాడు రెండేళ్ల కిందట సైన్సు తప్పి బడి మానేశాడు. వేళ్లలో మంచి పనితనం ఉంది కదా, వీడికి చదువెందుకని నేను కూడా ఇన్నాళ్లూ అనుకున్నాను. వాడు మస్కట్ వెళ్లాలని మాట్లాడుతున్నాడని నాకు తెలుసు. జగిత్యాల తమ్ముడు రాసినది ఈ ఉదయం వాడి చేత పైకి చదివించాను. తప్పిన సబ్జెక్టుకు ఫీజు కట్టే గడువు ఎప్పుడో కనుక్కోవడానికి మధ్యాహ్నం ఇద్దరం కలిసి వెళ్తున్నాం. పరీక్షలయ్యే దాకా సాయంత్రం ఐదింటికే వాడిని ఇంటికి పంపిస్తాను.