అమ్మమ్మకు ఇంటి దగ్గరే ఓటు: 12డి పెట్టాలా, బూత్‌కే తీసుకెళ్లాలా?

తెనాలి మనవడు | 17 ఏప్రిల్ 2024
అందరికీ నమస్కారం. అమ్మమ్మకు 87, తాతయ్యకు 83. రేపు ఎన్నికల నోటిఫికేషన్ వస్తోంది కదా, మా బూత్ లెవెల్ ఆఫీసర్ (బీఎల్వో) ఇంటికొచ్చి అమ్మమ్మకు ఫారం 12డి, అంటే ఇంటి దగ్గరే ఓటు వేస్తామని పెట్టుకునే దరఖాస్తు ఇచ్చి, ఆలోచించుకోమని వెళ్లారు. తాతయ్యకు ఇవ్వలేదు. ఆయనకు రాదా అంటే రాదన్నారు, ఎందుకో చెప్పేంత టైం ఆవిడకు లేదు. మామయ్యేమో "ఇంటికొచ్చి వేయించుకునే ఓటు ఎవరికి పడిందో ఎవరికి తెలుసు, ఆటోలో తీసుకెళ్దాం" అంటున్నాడు. అమ్మమ్మ మోకాళ్లు చూస్తే నాకు టెన్షన్. ఇదివరకు ఇలా వేయించినవాళ్లు ఉంటే చెప్పండి. ఇంకోటి, మా చెల్లి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది, దానికీ ఇలాంటి ఫారం ఏదైనా ఉందా?

నల్గొండ రాంరెడ్డి | 17 ఏప్రిల్
మీ తాతయ్య సంగతే మా నాయనది కూడా. మొన్న నవంబర్ 30 అసెంబ్లీ ఎన్నికల్లో ఆయనకు 81. ఇంటికే వచ్చి ఓటు వేయించుకుపోయిన్రు, మంచిగ జరిగింది. ఇప్పుడు పార్లమెంటు ఎన్నికలకు అడిగితే మీకు రాదన్నరు. నాలుగైదు నెలల్లో మనిషి వయసు తగ్గుతదా?

బీఎల్వో అక్క | 17 ఏప్రిల్
నేను ఈ డ్యూటీలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా. రాంరెడ్డి గారూ, మారింది రూలు. అప్పుడు 80 దాటితే ఇంటి ఓటు ఉండేది. ఈ మార్చి 1న దాన్ని 85కు పెంచుతూ నిబంధన సవరించారు. అందుకే నవంబరులో ఇంట్లో ఓటేసిన చాలామంది పెద్దలు ఈసారి బూత్‌కు రావాల్సి వస్తోంది. ఆ కోపం అంతా మా మీదే చూపిస్తున్నారు, ఏం చేస్తాం.

మనవడు గారూ, వయసు అంటే ఓటర్ల జాబితాలో ఉన్న వయసే. కొందరికి ఇంట్లో లెక్కకు 88, జాబితాలో 79 ఉంటుంది. మా దగ్గరున్న లిస్టులో పేరు రాకపోతే 12డి ఇవ్వలేం. వయసు సరిచేయించుకోవడానికి ఫారం 8 ఉంది, కానీ అది ఎన్నికలు లేనప్పుడు చేయించుకోవాల్సిన పని.

తేదీ గుర్తుపెట్టుకోండి. నింపిన 12డి నోటిఫికేషన్ వచ్చాక అయిదు రోజుల్లోపు రిటర్నింగ్ అధికారికి చేరాలి. మేమే మళ్లీ వచ్చి తీసుకుంటాం. తర్వాత ఎంత బతిమాలినా లాభం లేదు. పోలింగ్ మే 13 కదా, ఇంకా బోలెడు టైం ఉందిలే అనుకుని చాలామంది ఇక్కడే పోగొట్టుకుంటారు.

అనంతపురం సుబ్బు | 17 ఏప్రిల్
వయసు ఒక్కటే కాదు. నాకు 46, పోలియో. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ఏ వయసువాళ్లకైనా 12డి ఇస్తారు. సదరం సర్టిఫికెట్ జిరాక్స్ జత చేయాలి. ఓటర్ల జాబితాలో దివ్యాంగుడిగా నమోదై లేకపోతే ముందు అది చూసుకోండి.

నిజానికి నేను ఈసారి 12డి ఇవ్వడం లేదు. మా బూత్‌కు ర్యాంప్ ఉంది, సక్షమ్ యాప్‌లో వీల్‌చైర్ అడిగితే పెడతారు. నలుగురితో కలిసి లైన్లో ఉంటే నాకు బాగుంటుంది. ఇంటి ఓటు మన ఇష్టం, బలవంతం లేదు. కొందరు బీఎల్వోలు "సంతకం పెట్టేయండి, పనైపోతుంది" అన్నట్టు మాట్లాడతారు, తొందరపడకండి.

తెనాలి మనవడు | 18 ఏప్రిల్
అక్కా, ఒక డౌటు. ఇప్పుడు 12డి ఇచ్చేసి, ఆ రోజు అమ్మమ్మ హుషారుగా ఉంటే బూత్‌కే తీసుకెళ్లొచ్చా? రెండూ చేతిలో ఉంచుకుందామని మామయ్య ఐడియా.

బీఎల్వో అక్క | 18 ఏప్రిల్
కుదరదు. దరఖాస్తు ఒప్పుకోగానే బూత్‌లో ఉండే జాబితాలో ఆవిడ పేరు పక్కన 'పీబీ' అని గుర్తు పెడతారు. పోస్టల్ బ్యాలెట్ అని అర్థం. ఇక మే 13న బూత్‌కు వెళ్తే ఓటు వేయనివ్వరు. ఇంట్లో వేశారా లేదా అని కూడా అడగరు.

ఒప్పుకున్నాక ఏ రోజు వస్తారో ముందే మెసేజ్ ద్వారానో మా ద్వారానో తెలియజేస్తారు. ఇద్దరు పోలింగ్ సిబ్బంది, వీడియో తీసేవాళ్లు, పోలీసు వస్తారు. ఎవరెవరి ఇంటికి వెళ్తున్నారో ఆ లిస్టు అభ్యర్థులకు కూడా ఇస్తారు, వాళ్ల మనుషులు వెంట రావొచ్చు. మీ మామయ్య అనుమానానికి అదే జవాబు. వీడియో తీస్తారు గానీ ఓటు ఎవరికి వేశారో కనపడేలా తీయరు. చూపు ఆనకపోతే, చెయ్యి స్వాధీనంలో లేకపోతే 18 నిండిన మనిషి ఒకరు సాయం చేయొచ్చు. అంతే గానీ ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి "ఇక్కడమ్మా, ఇక్కడ" అనకూడదు.

గుంటూరు వాణి | 18 ఏప్రిల్
ఇంకో ముఖ్యమైన సంగతి. మొదటిసారి వచ్చినప్పుడు మనిషి ఇంట్లో లేకపోతే ఇంకొక్కసారి వస్తారు. అప్పుడూ లేకపోతే ఇక రారు, బూత్‌లోనూ ఓటు ఉండదు. మా వీధిలో ఒక పెద్దావిడ ఎండలకు తట్టుకోలేక కూతురింటికి వెళ్లిపోయింది. అక్కడికొచ్చి వేయించుకోరు కదా, దరఖాస్తులో ఉన్న చిరునామాకే వస్తారు. వేసవిలో పెద్దవాళ్లు కొడుకు ఇంటికీ కూతురు ఇంటికీ తిరిగే రోజులు. మే మొదటి పది రోజులు అమ్మమ్మ కదలకుండా తెనాలిలోనే ఉంటుందంటేనే 12డి పెట్టండి.

మండపేట మాస్టారు | 19 ఏప్రిల్
ఈ చర్చలో మా టీచర్ల గొడవ కూడా చెప్పుకుందాం. ఎన్నికల డ్యూటీ పడినవాళ్లది 12డి కాదు, ఫారం 12. రెండింటినీ కలిపేసుకుని గ్రూపుల్లో తప్పుడు మెసేజ్‌లు తిప్పుతున్నారు.

పాత రోజుల్లో పోస్టల్ బ్యాలెట్ మన ఇంటికి వచ్చేది, తాపీగా నింపి పంపేవాళ్లం. గత ఏడాది రూలు మార్చారు. ఇప్పుడు డ్యూటీ సిబ్బంది ఫెసిలిటేషన్ సెంటర్‌కు వెళ్లి అక్కడే వేయాలి. ఇంటికి పట్టుకెళ్లడం, పోస్టులో వేయడం లేదు. ఎవరి బ్యాలెట్లో ఎవరు టిక్కు పెట్టించారో అన్న గోల తగ్గిందని నా అభిప్రాయం, కొందరు మాస్టార్లకు నచ్చకపోయినా సరే.

లోపల జరిగేది చెబుతా, ఎందుకంటే ఓట్లు చెల్లకుండా పోయేది ఇక్కడే. బ్యాలెట్ పేపరుతో పాటు 13ఏ అనే డిక్లరేషన్, 13బీ అనే చిన్న కవరు, 13సీ అనే పెద్ద కవరు ఇస్తారు. 13ఏలో బ్యాలెట్ క్రమసంఖ్య రాసి, అక్కడుండే గెజిటెడ్ అధికారి ముందు సంతకం పెట్టాలి, ఆయన ధ్రువీకరిస్తారు. ఓటు వేసిన బ్యాలెట్ ఒక్కటే చిన్న కవర్లో పెట్టి అతికించాలి. ఆ చిన్న కవరూ, డిక్లరేషనూ కలిపి పెద్ద కవర్లో పెట్టాలి. డిక్లరేషన్‌ను కూడా చిన్న కవర్లోకి తోసేశారో, ఓటు పోయినట్టే. లెక్కింపులో ముందు పెద్ద కవరు తెరిచి 13ఏ చూస్తారు. అది కనపడకపోయినా, దాని మీది నంబరు చిన్న కవరు మీది నంబరుతో కలవకపోయినా చిన్న కవరు తెరవకుండానే పక్కన పడేస్తారు. బ్యాలెట్ మీద మన పేరో సంతకమో పెట్టినా చెల్లదు. పదో తరగతి పేపర్లు దిద్దే మనమే ఇన్ని పొరపాట్లు చేస్తాం మరి.

మన ఆంధ్రలో ఈసారి అసెంబ్లీ, పార్లమెంటు రెండూ ఒకేసారి. అంటే రెండు సెట్లు. ఒకటి పూర్తిగా ముగించి కవరు అతికించాకే రెండోది ముట్టుకోండి.

పాలమూరు టీచరమ్మ | 19 ఏప్రిల్
మాస్టారూ, మాకు తెలంగాణలో ఈసారి పార్లమెంటు ఒక్కటే కాబట్టి ఇంకో సులువు దారి ఉంది. డ్యూటీ మన ఓటున్న లోక్‌సభ నియోజకవర్గంలోనే పడితే ఫారం 12ఏ పెట్టి ఎలక్షన్ డ్యూటీ సర్టిఫికెట్ తీసుకోవచ్చు, ఈడీసీ అంటారు. అది చూపించి డ్యూటీ చేసే బూత్‌లోనే ఈవీఎం మీద ఓటు వేయొచ్చు. కవర్లు లేవు, గమ్ము లేదు, గెజిటెడ్ సంతకం లేదు. ట్రైనింగులో ఫారాలు పంచేటప్పుడు 12 ఇస్తున్నారా, 12ఏ ఇస్తున్నారా చూసుకుని తీసుకోండి. ఓటరు కార్డు నంబరు, జాబితాలో పార్టు నంబరు, వరుస నంబరు ముందే రాసిపెట్టుకుంటే అక్కడ వెతుక్కునే పని ఉండదు.

విశాఖ విలేకరి | 20 ఏప్రిల్
పోలింగ్ రోజు పనిలో ఉండే అత్యవసర సేవలవాళ్లకూ 12డి ఉంది: విద్యుత్తు, అగ్నిమాపకం, వైద్యం లాంటివి, ఎన్నికల కమిషన్ పాసులున్న మా మీడియావాళ్లు. దాని మీద శాఖ నోడల్ అధికారి ధ్రువీకరణ ఉండాలి. మా ఇళ్లకు ఎవరూ రారు. పోలింగ్‌కు ముందు మూడు రోజులు తెరిచే పోస్టల్ ఓటింగ్ కేంద్రానికి మేమే వెళ్లాలి. గడువు మాత్రం అదే, అయిదు రోజులు.

ప్రకాశం ఆడపడుచు | 20 ఏప్రిల్
మావారు సైన్యంలో ఉన్నారు, జమ్మూ వైపు. వాళ్లది అసలు వేరే జాబితా, సర్వీసు ఓటర్లది. యూనిట్ ద్వారా ఫారం 2 పెట్టి చేరాలి. చేరాక ప్రతి ఎన్నికకూ మళ్లీ అడగక్కర్లేదు, బ్యాలెట్ ఆన్‌లైన్‌లో యూనిట్‌కు వస్తుంది. ప్రింట్ తీసి, ఓటు వేసి, పోస్టులో తిప్పి పంపాలి. లెక్కింపు రోజు ఉదయం ఎనిమిదిలోపు చేరకపోతే లెక్కలోకి రాదు. ఈసారి లెక్కింపు జూన్ 4న కాబట్టి టైం బాగానే ఉంది. నేను ఆయన దగ్గర ఉంటే నాకూ సర్వీసు ఓటే, ఊళ్లో ఉంటున్నా కాబట్టి మామూలు ఓటు.

డాలస్ కృష్ణ | 21 ఏప్రిల్
మాబోటి ఎన్ఆర్ఐల సంగతి కూడా ఎవరో అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే ఫారం 6ఏతో సొంతూరి జాబితాలో చేరొచ్చు. ఓటు మాత్రం విమానం ఎక్కి వచ్చి, అసలు పాస్‌పోర్టు చూపించి బూత్‌లోనే వేయాలి. మాకూ ఆన్‌లైన్ పోస్టల్ బ్యాలెట్ ఇవ్వొచ్చని 2020లో ఎన్నికల కమిషన్ అంది, ఇంకా రాలేదు.

మా అత్తగారు ఇక్కడి సిటిజన్. టెక్సాస్‌లో 65 దాటితే కారణం చెప్పక్కర్లేకుండా పోస్టులో ఓటు అడగొచ్చు. పోలింగ్‌కు 11 రోజుల ముందుకల్లా దరఖాస్తు వాళ్ల ఆఫీసుకు చేరాలి, ఏటా మళ్లీ పెట్టుకోవాలి. నా వయసువాళ్లకు మాత్రం ఊళ్లో లేకపోవడమో, జబ్బో ఏదో ఒక కారణం ఉండాలి. అమెరికా అంతా అందరికీ పోస్టులో ఓటే అనుకుంటారు మనవాళ్లు, రాష్ట్రానికో రూలు.

బీఎల్వో అక్క | 21 ఏప్రిల్
మనవడు గారి చెల్లెలి ప్రశ్న అలాగే మిగిలిపోయింది. ప్రైవేటు ఉద్యోగం, చదువు కోసం వేరే ఊళ్లో ఉన్నవాళ్లకు పోస్టల్ ఓటు లేదు. తెనాలి వచ్చి వేయాలి, లేదా వచ్చే ఎన్నికల కోసమైనా ఫారం 8తో ఓటు బెంగళూరుకు మార్చుకోవాలి. వలస వెళ్లినవాళ్ల కోసం రిమోట్ ఓటింగ్ మిషన్ అని 2023 జనవరిలో పార్టీలను పిలిచారు, అక్కడే ఆగింది. "ఈ లింకులో వివరాలు నింపితే పోస్టల్ బ్యాలెట్ ఇంటికే" అని మెసేజ్ వస్తే నమ్మకండి. డౌటుంటే 1950కి ఫోన్ చేయండి.

తెనాలి మనవడు | 8 మే
12డి ఇచ్చాం. నిన్న వచ్చారు. అట్టపెట్టెలాంటి అడ్డు పెట్టి, మమ్మల్ని వరండాలోకి పంపి వేయించారు. రెండు పార్టీల మనుషులు గేటు దగ్గర నిలబడి చూశారు, మామయ్య వాళ్లతో కబుర్లు. రెండు బ్యాలెట్లు, సంతకాలు, కవర్లు అయ్యేసరికి అరగంట పైనే పట్టింది. తాతయ్యను 13న పొద్దున్నే ఎండ రాకముందు తీసుకెళ్తాం.

మండపేట మాస్టారు | 5 జూన్
లెక్కింపు ముందు రోజుల్లో మా కవర్ల మీద పెద్ద రగడే అయింది, చూశారుగా. ఫెసిలిటేషన్ సెంటర్‌లో ధ్రువీకరించిన అధికారి సంతకం ఉంటే చాలు, ముద్ర, హోదా లేకపోయినా 13ఏ చెల్లుతుందని కమిషన్ అంది. వైసీపీ హైకోర్టుకు వెళ్లింది, కోర్టు జోక్యం చేసుకోలేదు. సుప్రీంకోర్టు కూడా 3వ తేదీన కాదంది. ముద్ర వేయకపోవడం అక్కడ కూర్చున్న అధికారి పని, దానికి మా ఓటు తీసేయడం ఏం న్యాయం? అయినా వచ్చేసారి నేనైతే ముద్ర పడేదాకా అక్కడి నుంచి కదలను.

నల్గొండ రాంరెడ్డి | 5 జూన్
మా నాయనకు వచ్చే అసెంబ్లీ ఎన్నికల నాటికి 85 నిండుతయి. ఒక్కసారి 12డి ఇస్తే ఇక ప్రతిసారీ ఇంటికే వస్తరా అక్కా?

బీఎల్వో అక్క | 6 జూన్
రారండి. ప్రతి ఎన్నికకూ కొత్తగా ఇవ్వాలి, మళ్లీ అదే అయిదు రోజుల గడువు. జాబితాలో ఆయన వయసు సరిగ్గా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, తేడా ఉంటే ఫారం 8 పెట్టేయండి. ఎన్నికల ముందు మా ఫోన్లు ఖాళీగా ఉండవు.